అచ్చుకు సరిపోని పళ్ళు

మునక 588

కట్ట నాలుగో నీటి తలుపు, సముద్రం వైపు. లోతు పదకొండు మీటర్లు. నీళ్ళలో యాభై రెండు నిమిషాలు. గీకి తీసిన ఆలిచిప్పలు తొమ్మిది బుట్టలు. జత దానయ్య. శ్వాసకు ఇబ్బంది లేదు.

లాగ్ ఇక్కడితో ముగించాలి. ఇవాళ ముగించను. "శ్వాసకు సంబంధించిన ప్రతి విషయాన్నీ డైవర్ తన లాగ్‌లో నమోదు చేయాలి" అని మొదటి పేజీలో రాసింది ఈ కట్టను నడిపే బోర్డే. ఇవాళ నా శ్వాసకు సంబంధించిన విషయమే ఒకటి జరిగింది. నా పళ్ళు పనికిరావని బోర్డు తేల్చింది.

పైకి వచ్చాక డైవర్లం ఇరవై రెండు మందినీ షెడ్డులో కూర్చోబెట్టారు. మేనేజర్ ప్రభాకరం గారు కొత్త మౌత్‌పీస్ తెచ్చి చూపించారు. ఇన్నాళ్ళూ మాకు ఎవరిది వాళ్ళకే ఉండేది. రబ్బరు ముక్కను వేడినీళ్ళలో మెత్తబరిచి కరిస్తే మన పళ్ళ అచ్చు దాని మీద పడేది. కొత్తది గట్టిది. అందరికీ ఒకటే అచ్చు. ముందు పళ్ళు దాని గాడుల్లో సరిగ్గా కూర్చుంటేనే గాలి వదులుతుంది. జారితే మూసుకుంటుంది.

"జోగులు ఎలా పోయాడో మర్చిపోయారా?" అన్నారాయన.

ఎవరూ మర్చిపోలేదు. పోయినేడాది తొమ్మిదో తలుపు దగ్గర వాడి గొట్టం చిరిగింది. జతగాడు తన మౌత్‌పీస్ తీసి ఇచ్చాడు. అది జోగులు నోట్లో నిలవలేదు. ఇకనుంచి ఎవరి గాలి ఎవరి నోట్లోనైనా పట్టాలని బోర్డు ఉద్దేశం. ఉద్దేశాన్ని నేను కాదనను. కాని ఆ అచ్చు తొమ్మిది మందికే సరిపోయింది. మిగతా పదమూడు మందికీ పళ్ళకు క్లిప్పులు వేసి, పద్నాలుగు వారాల్లో అచ్చుకు సరిచేస్తారట.

"అచ్చు మార్చొచ్చు గదా బాబూ?" అన్నాను.

"అచ్చు ఖరారైంది."

"నా పళ్ళు కూడా ముప్పయ్యేళ్ళ కిందటే ఖరారైనాయండి. ఒక అచ్చు మార్చడం తేలికా, పదమూడు నోళ్ళు మార్చడం తేలికా?"

జనం నవ్వారు. ఆయన నా పేరు రాసుకున్నారు. నూకరత్నం, వయసు ముప్పై ఏడు, పై వరసలో ఎడమ పక్క పన్ను ముందుకు పొడుచుకొచ్చింది, దాని పక్కది దాని వెనక్కి దాక్కుంది. ఇన్నేళ్ళుగా నీళ్ళకింద నాకు ఊపిరి పట్టింది ఆ పళ్ళే.

దానయ్య పళ్ళు మాత్రం అచ్చులో టక్కున కూర్చున్నాయి. నాకు మండింది. దానయ్య నాలుగేళ్ళ కిందటి దాకా నా మొగుడు. కాపురం విడిపోయింది గాని జత విడిపోలేదు. జతల్ని ఊపిరి కొలిచి వేస్తుంది బోర్డు, మా ఇద్దరి ఊపిరీ ఒకేలా నడుస్తుందట. గట్టు మీద మేము మాట్లాడుకోము. నీళ్ళలో ఎవరూ మాట్లాడలేరు. ఇద్దరికీ అదే సుఖం.

మునక లేదు. క్లినిక్.

డాక్టర్ మేఖల మూడు నెలల కిందట కట్ట మీదికి కొత్తగా వచ్చిన పళ్ళ డాక్టరు. ముప్పయ్యేళ్ళుంటాయేమో. పదమూడు మందినీ రెండు రోజుల్లో పూర్తి చేయాలని ఆమెకు చెప్పారట. ఆ తొందర ఆమె చేతుల్లో తెలుస్తూనే ఉంది.

ఎక్స్‌రే తీసే యంత్రం నా తల చుట్టూ తిరిగింది. ఆమె తెర మీద బొమ్మ చూసింది. ఒకచోట ఆగింది. వేలితో ఏదో నొక్కి తెరను అటు తిప్పేసింది.

"బానే ఉన్నాయా డాక్టరమ్మా?"

"వేలిముద్ర వేయండి" అంటూ తెర ఉన్న పలక ఇచ్చింది. ముప్పై ఒక్క పేజీలు.

"ఏటి రాసుందిందులో?"

"మామూలు విషయాలే. అందరూ వేశారు."

వేశాను. ఇది నా తప్పే, ఇదీ రాస్తున్నాను. ఒక్క పేజీ చదివినా బాగుండేది. ఒక్క ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా కుర్చీ దిగకపోయినా బాగుండేది.

పంటికొక చిన్న లోహపు బిళ్ళ అతికించి, వాటి గుండా తీగ పోనిచ్చింది. ఈ తీగను మనిషి బిగించక్కర్లేదు. సోమవారం, గురువారం పొద్దున ఆరింటికి బోర్డు యంత్రం ఆజ్ఞ పంపుతుంది, తీగ తనంతట తనే బిగుసుకుంటుంది. వారానికి రెండుసార్లు నా నోట్లో ఇంకెవరో పని మొదలుపెడతారన్నమాట.

ఎలా తోముకోవాలి, ఏం తినకూడదు, ఎంత నొప్పి వస్తే మామూలు, ఎప్పుడు పరుగెత్తుకు రావాలి, ఇవేవీ ఆమె చెప్పలేదు. బయట బెంచీ మీద ఇంకా ఏడుగురున్నారు.

మునక 590

లోతు పదకొండు. నలభై నిమిషాలు. ఆరు బుట్టలు. పాత మౌత్‌పీస్‌తోనే. శ్వాసకు ఇబ్బంది లేదు, నోటికి ఉంది.

అన్నం నమల్లేకపోయాను. బుగ్గ లోపల తీగ చివర గుచ్చుకుని పుండు పడింది. షెడ్డు గోడ మీద కొత్త తెర పెట్టారు. పదమూడు పేర్లు, పేరు పక్కన శాతం. ఎవరి పళ్ళు అచ్చుకు ఎంత దగ్గరపడ్డాయో రోజూ చూపిస్తుంది. చివర్లో నా పేరు. తొమ్మిది శాతం.

దానయ్య దాని ముందు నిలబడి నాలుగేళ్ళలో మొదటిసారి గట్టు మీద నాతో మాట్లాడాడు.

"నీ పళ్ళు కూడా నీ లాగే మాట ఇనవు."

"నీ పళ్ళు నీ లాగే, ఎవడేం సెప్తే దానికి తలూపుతాయి" అన్నాను.

జత బాగుందని ఊపిరి యంత్రం మళ్ళీ ఆకుపచ్చ దీపం వెలిగించింది.

మునక 597

లోతు తొమ్మిది. ముప్పై అయిదు నిమిషాలు. నాలుగు బుట్టలు. మౌత్‌పీస్ మీద రక్తం.

మూడో వారం. నొప్పి మొదటి నాలుగు రోజులకు తగ్గింది, మళ్ళీ బిగింపు, మళ్ళీ నొప్పి. దానికి అలవాటుపడ్డాను. రక్తానికి పడలేదు. పొద్దున తోముకుంటే ఉమ్మి ఎర్రగా ఉంటోంది. ఎడమ పక్క పన్ను నాలుకతో తోస్తే ఊగుతోంది.

క్లినిక్‌కు వెళ్ళాను. డాక్టర్ మేఖల కుర్చీలో కూర్చోబెట్టలేదు, గుమ్మంలోనే నిలబెట్టి చూసింది.

"పళ్ళు జరగాలంటే కాస్త వదులవ్వాలి కదా. అందరికీ అంతే."

"కాస్త అంటే ఎంతండి? ఏది మామూలు, ఏది కాదు, నాకెలాగ తెలుస్తాది?"

"తెలియాల్సింది నాకు."

"మరి నోరు నాది గదా."

"మీ శాతం వెనకబడి ఉంది. మీకు బిగింపు పెంచమని ఆదేశం వచ్చింది. సహకరించండి."

ఈమెను కొట్టాలనిపించింది. లాగ్‌లో అన్నీ నిజాలే రాయాలి కాబట్టి ఇదీ రాస్తున్నాను.

మునక లేదు. ఆదివారం మధ్యాహ్నం.

పంప్ హౌస్ వెనక చర్చి పక్కన కృపావరమ్మ గారుంటారు. కట్ట కట్టకముందు, ఊరు ఊరుగా ఉన్న రోజుల్లో ఆవిడ పళ్ళ డాక్టరు. ఇప్పుడు ఎనభై దాటాయి, చేతులు వణుకుతాయి, నోరు మాత్రం వణకదు. నన్ను వాకిట్లో ఎండలో స్టూలు మీద కూర్చోబెట్టి, చేతి అద్దంతో నోట్లోకి వెలుగు కొట్టి చూశారు.

"ఈ చిగుళ్ళ నుంచి రక్తం ఎన్నాళ్ళుగా?"

"క్లిప్పులెయ్యకముందు కూడా తోముకుంటే వచ్చేదండి. రెండేళ్ళుంటాది."

"డాక్టరుకు చెప్పావా?"

"అడగనేదండి."

"అడక్కపోతే చెప్పవా? ఆవిడ నోట్లోంచి కారుతోందా రక్తం, నీ నోట్లోంచా?" అని కసిరారు. తిట్టించుకోవడానికి వచ్చినట్టయింది. లేచిపోదామనుకున్నాను. భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టారు.

"విను. పన్ను ఎముకలో దిగ్గొట్టిన మేకు కాదు. నెమ్మదిగా తోస్తే, తోసిన పక్క ఎముక కరుగుతుంది, వెనక పక్క కొత్త ఎముక పోసుకుంటుంది. అలా జరుగుతుంది పన్ను. ఆ పోసుకోవడానికి టైము కావాలి. టైము ఇవ్వకుండా లాగితే ఎముక నిలవదు, పంటి వేరు కొస నుంచి అరిగిపోతుంది. పైగా నీకు చిగుళ్ళ జబ్బుంది. అది ముందు నయం చేయకుండా తీగ వేయకూడదు. పునాది కూలుతుంటే గోడ జరుపుతారా ఎవరైనా?"

"అయితే క్లిప్పులు మంచివి కావండి?"

"ఎవరన్నారు? నేనే వందల మందికి వేశాను. నీ వయసు వాళ్ళకు, యాభై దాటినవాళ్ళకు కూడా. ఏడాదిన్నర, రెండేళ్ళు పట్టేది. ముందు ఎక్స్‌రే చూసి, చిగుళ్ళు బాగుచేసి, అప్పుడు. మధ్యలో ఆర్నెల్లకొకసారి మళ్ళీ ఎక్స్‌రే, వేళ్ళు అరుగుతున్నాయేమో చూడ్డానికి. తీసేశాక కూడా రాత్రిళ్ళు పళ్ళను పట్టి ఉంచే రిటైనర్ పెట్టుకోమనేదాన్ని, లేకపోతే మళ్ళీ పాతచోటికే పోతాయి. మీకు ఆ రిటైనర్ సంగతి చెప్పారా?"

"ఆ పేరే ఇన్నేదండి."

ఆవిడ అద్దం పక్కన పెట్టేశారు. తర్వాత లోపలికి వెళ్ళి గోధుమగింజంత బ్రష్షు, మైనం ముద్ద తెచ్చారు. తీగ కింద, పంటికీ పంటికీ మధ్య ఎలా తోమాలో నా చేతనే చేయించారు. తిన్న ప్రతిసారీ చేయాలట. గుచ్చుకునే చోట మైనం అద్దాలట. ఎండుచేప తలలు, చెరుకు ముట్టుకోవద్దన్నారు.

"ఈ పన్ను ఊగడం మామూలు ఊగడం కాదు. చిగురు నొక్కితే చీము వస్తోంది. మొదటి రోజు తీసిన ఎక్స్‌రే తీసుకురా. అది చూడకుండా ఇంకేం చెప్పలేను."

మునక 603

లోతు పదకొండు. ఇరవై తొమ్మిది నిమిషాలు. మూడు బుట్టలు. శ్వాసకు ఇబ్బంది ఉంది.

అయిదో వారం. షెడ్డు తెర మీద నా పేరు పైకెగబాకింది, తొంభై ఒక్క శాతం. ప్రభాకరం గారు అందరి ముందూ చప్పట్లు కొట్టించారు. కొత్త మౌత్‌పీస్ నా చేతికిచ్చారు. పళ్ళు గాడుల్లో కూర్చున్నాయి, నిజమే. కరిస్తే మాత్రం ఎడమ పక్క పన్ను లోపలికి దిగి మళ్ళీ పైకి వస్తోంది. బురదలో గుంజలాగా.

పైకొచ్చాక క్లినిక్‌కు వెళ్ళి ఎక్స్‌రే అడిగాను.

"అది బోర్డు ఆస్తి" అంది డాక్టర్ మేఖల.

"నా దవడ కూడా బోర్డుదేనేటి?"

"మీకు చూసినా అర్థం కాదు."

"అర్థమయ్యేవాళ్ళు ఉన్నారు."

ఆమె మొహం ఒక్క క్షణం మారింది. కోపం కాదది. నేను దాన్ని అప్పుడు పోల్చుకోలేదు. "బయటికి వెళ్ళండి" అంది. వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను. మూడు గంటలు కూర్చున్నాను. ఆమె వెనక తలుపు నుంచి వెళ్ళిపోయింది.

సాయంత్రం ప్రభాకరం గారు పిలిపించారు. నా లాగ్ ఆయన బల్ల మీద తెరిచి ఉంది.

"ఇది మునకల లాగ్. నీ పంటి పురాణం కాదు. 588 నుంచి కొట్టేసి తిరగరాయి."

"కొట్టేయనండి. ఊపిరికి సంబంధించినవే రాశాను."

"డైవింగ్ కార్డు తీసేస్తాను."

"తీసేయండి. ఎందుకు తీసేశారో నా లాగ్‌లో మీ చేత్తో రాసి తీసేయండి."

రాయలేదు, తీసేయలేదు. నాలుగో తలుపు ఇంకా సగం చిప్పలతోనే ఉంది, అవి పోతేగాని మూసుకోదు, వానాకాలం లోపు మూయాలి, మనుషులు చాలరు. ఇది కూడా చదువుతారు కదా ప్రభాకరం గారూ. చదవండి. రేపు మళ్ళీ దిగుతున్నాను, ఎందుకంటే దిగకపోతే మీరు వేరే కారణం రాస్తారు.

మునక 606

ఇది మూడు రోజుల తర్వాత రాస్తున్నాను.

గురువారం. పొద్దున ఆరింటికి తీగ బిగిసింది. ఎనిమిదింటికి దిగాం. నాలుగో తలుపు కింది అంచు, పదకొండు మీటర్లు. ఒక పెద్ద చిప్పల గుత్తి కింద గడ్డపార పెట్టి బలంగా ఎత్తాను. బరువెత్తినప్పుడు దవడ దానంతట అది బిగుసుకుంటుంది, అది ఎవరి చేతిలోనూ ఉండదు. నోట్లో ఏదో తెగినట్టయింది. చప్పుడు చెవికి కాదు, తలకు వినబడింది. ఎడమ పక్క పన్ను అడ్డంగా పడిపోయింది.

గాలి ఆగిపోయింది.

పళ్ళు గాడిలో లేవు కనుక నేను నోట్లోంచి తీసేశాననుకుంది మౌత్‌పీస్. నా నోట్లోనే ఉండి, నా ముక్కు ముందే ఉండి, మూసుకుంది. చేత్తో నొక్కి పట్టుకున్నాను. పట్టలేదు. ఉప్పునీళ్ళు, రక్తం గొంతులోకి వచ్చాయి.

తాడు మూడుసార్లు లాగాను. దానయ్య ఆరడుగుల దూరంలో ఉన్నాడు. వచ్చాడు. నా మొహం చూశాడు, తన మౌత్‌పీస్ తీసి నా నోట్లో పెట్టాడు. బోర్డు చెప్పినట్టే చేశాడు, జోగులు కోసం మేమందరం నేర్చుకున్నట్టే. అదీ అదే అచ్చు. అదీ మూసుకుంది.

అప్పుడు అతని కళ్ళలో భయం చూశాను. పన్నెండేళ్ళ కాపురంలో నేనెప్పుడూ చూడనిది. తనది తిరిగి తన నోట్లో పెట్టుకుని ఒక్క గుక్క పీల్చి, నా నడుము బెల్టు పట్టుకుని, బరువులు కోసేసి, కాళ్ళతో తన్నుకుంటూ పైకి లాగాడు. ఊపిరి బిగబట్టకూడదని, వదులుతూ రావాలని తెలుసు. వదలడానికి నా దగ్గరేమీ లేదు. పైన వెలుగు దగ్గరపడుతుంటే అది ఎప్పటికీ రాదనిపించింది.

గట్టు మీద పడుకోబెట్టి బోర్లించారు. నీళ్ళు కక్కాను. ఇంకా ఏదో అడ్డంగా ఉంటే దానయ్య వేలు పెట్టి తీశాడు. అతని అరచేతిలో నా పన్ను, దానికి లోహపు బిళ్ళ, బిళ్ళకు తెగిన తీగ.

"దేవుడా" అన్నాడు. "వేరు ఏదే? దీనికి వేరు ఏదే?"

వేరు ఉండాల్సిన చోట పొట్టిగా, గుండ్రంగా, అరిగిన సుద్దముక్కలాంటిది ఉంది.

మునక లేదు. ఆస్పత్రి, నాలుగో రోజు.

ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరాయన్నారు. మిగతా ముందు పళ్ళు మూడూ ఊగుతున్నాయి. తీగ తీసేశారు.

దానయ్య వచ్చాడు. పళ్ళు గానీ ప్రాణం గానీ ఎలా ఉన్నాయని అడగలేదు. మంచం దగ్గర నిలబడే చెప్పాడు.

"ఆపీసోళ్ళు కాయితం తెచ్చారు. నువ్వు ఎండుచేపలు, చెరుకు నమిలి తీగ పాడుసేసుకున్నావని. నన్ను సాచ్చి సంతకమెట్టమన్నారు."

"ఎట్టేవా?"

"నేదు."

ఏమైనా అంటే అతనికి ఎక్కువైపోతుందనిపించింది.

"నీ కోసం కాదు" అన్నాడు. "నా గాలి నీకిచ్చాను, అదీ ఆగిపోయింది. రేపు నా గాలి ఆగితే ఇంకోడిది నాకలాగే ఆగుతాది. నాకు బతకాలనుంది." వెళ్ళబోతూ అన్నాడు, "ప్రమాదమైతే జతగాడు రికార్డంతా అడిగి సూడొచ్చని రూల్సులో ఉన్నాది. ఎక్సురేలు కూడా. నాను అడిగేశాను. మంగళారం షెడ్డులో తెరుస్తారు."

"నీకు సదవడం రాదు గదా ఎక్సురే."

"నీకొచ్చేటి?" అని వెళ్ళిపోయాడు.

మునక లేదు. మంగళవారం, షెడ్డు.

కృపావరమ్మ గారిని కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకొచ్చారు. ప్రభాకరం గారు బయటివాళ్ళు రాకూడదన్నారు. దానయ్య ఆయనకు, గుమ్మానికి మధ్య నిలబడ్డాడు. ఏమీ చేయలేదు, నిలబడ్డాడంతే.

శాతాలు చూపించే తెర మీదే నా ఎక్స్‌రే వేశారు. నా దవడ అంత పెద్దగా చూడటం ఇదే మొదటిసారి. కృపావరమ్మ గారు కర్రతో చూపించారు.

"ఇది ఎముక గీత. ఇక్కడిదాకా ఉండాలి. ఇక్కడికి దిగిపోయింది. ఇది తీగ వేసిన రోజు తీసిన బొమ్మ. అంటే వేయకముందే సగం ఎముక లేదు." తర్వాత ఎక్స్‌రే అంచున ఉన్న చిన్న అక్షరాలు దగ్గరికి వంగి చదివారు. "ఇది యంత్రం రాసిన హెచ్చరిక. 'చిగుళ్ళ వ్యాధి. చికిత్స పూర్తయ్యేవరకు పళ్ళు జరపరాదు.' దాని పక్కన, 'హెచ్చరిక దాటవేయబడింది, డాక్టర్ మేఖల.' మూడుసార్లు అడిగిందమ్మా యంత్రం. మూడుసార్లూ దాటవేశావు."

డాక్టర్ మేఖల గోడ దగ్గర నిలబడి ఉంది.

"పద్నాలుగు వారాలు నేను పెట్టిన గడువు కాదు" అంది. "చిగుళ్ళ చికిత్సకే మూడు నెలలు పడుతుంది. ఆ హెచ్చరిక ఒప్పుకుంటే గడువు దాటుతుందని అదే రోజు ఈమె డైవింగ్ కార్డు రద్దయ్యేది. మేలు చేస్తున్నాననుకున్నాను."

నేను లేచాను. నిలబడితే ఇంకా దగ్గొస్తోంది.

"కార్డు పోగొట్టుకోవాలా, పళ్ళు పోగొట్టుకోవాలా అన్నది నా లెక్క. నువ్వెవరే నా బదులు ఆ మీట నొక్కడానికి?" డాక్టరును నువ్వు అన్నాను, ఒసే అన్నంత పని చేశాను. తప్పని ఇప్పటికీ అనిపించడం లేదు. "ఒక్క మాట. 'నూకరత్నం, నీకు జబ్బుంది' అని ఒక్క మాట సెప్పుంటే నాను ఆ కుర్చీ దిగిపోయేదాన్ని. సెప్పడానికి గడువెవడూ పెట్టలేదు గదా."



అప్పుడు వెనక వరస నుంచి లక్ష్ముడమ్మ, నా తర్వాత కుర్చీలో కూర్చున్న మనిషి, నెమ్మదిగా అంది. "నాది కూడా తెరవండి."

పన్నెండూ తెరిచారు. నాలుగింటి మీద అదే హెచ్చరిక, అదే దాటవేత. లక్ష్ముడమ్మది వాటిలో ఒకటి. ఆమె ఏడవలేదు. ప్రభాకరం గారి దగ్గరికి వెళ్ళి, తన కొత్త మౌత్‌పీస్ ఆయన జేబులో కుక్కి బయటికి నడిచింది. ఒకరి తర్వాత ఒకరు ఇరవై ఒక్క మందీ అదే పని చేశారు. జేబు నిండాక కాళ్ళ దగ్గర పడేశారు. పళ్ళు చక్కగా సరిపోయిన తొమ్మిది మంది కూడా.

మరునాడు ఎవరూ దిగలేదు. ఆ మరునాడూ దిగలేదు. మొత్తం పదకొండు రోజులు. ఆకాశంలో మబ్బులు పట్టాయి, నాలుగో తలుపు తెరిచే ఉంది.

మునక లేదు. మూడో నెల.

బోర్డు తప్పు ఒప్పుకోలేదు. "సాంకేతిక మెరుగుదల" అని నోటీసు అంటించింది. ఇంకో కొత్త మౌత్‌పీస్ వచ్చింది. మెత్తటి రబ్బరు, వెనక దంతాల మధ్య పట్టుకునే రెండు చిన్న రెక్కలు, దానంతట అది మూసుకునే మూత లేదు. ఎవరి నోట్లోనైనా పడుతుంది. ఇది చేయడానికి వాళ్ళకు పట్టింది పన్నెండు రోజులు.

హెచ్చరిక ఉన్న ఆ నలుగురికి తీగలు తీసేసి చిగుళ్ళకు వైద్యం మొదలుపెట్టారు. ముగ్గురు, వాళ్ళ ఇష్టం మీద, తీగలు ఉంచుకున్నారు. పళ్ళు చక్కగా ఉండాలని వాళ్ళకు ఎప్పటినుంచో ఉంది. వాళ్ళ చిగుళ్ళు గట్టివే, ఇప్పుడు నెలకొకసారి బిగిస్తారు, రెండేళ్ళు పడుతుంది. వాళ్ళను నేనేమీ అనను. మిగతావాళ్ళు మాకొద్దని తీయించేసుకున్నారు.

దానయ్యకు లక్ష్ముడమ్మ తమ్ముణ్ణి జతగా వేశారు. ఊపిరి కలవడం లేదని ఇద్దరూ ఫిర్యాదు చేశారట. నేను నవ్వుకున్నాను, ఆ నవ్వు ఎవరికీ చూపించలేదు. చూపించడానికి ముందు పన్ను కూడా లేదు.

నా మిగతా పళ్ళ కోసం క్లినిక్‌కు వెళ్ళక తప్పలేదు. కృపావరమ్మ గారి చేతులు పనికి నిలవవు. కట్ట మీద ఉన్న పళ్ళ డాక్టరు ఒక్కరే. ఆమెను పంపించేయలేదు, పంపించేస్తే ఎవరూ రారు.

డాక్టర్ మేఖల నన్ను చూసి లేచి నిలబడింది. కూర్చోమంది. నేను కుర్చీలో కాదు, పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాను.

"ముందు సెప్పండి" అన్నాను.

చెప్పింది. ఊగుతున్న పళ్ళను వెనక నుంచి సన్నటి తీగతో ఒకదానికొకటి కట్టేస్తుందట. లాగడానికి కాదు, కదలకుండా పట్టడానికి. అంతకుముందు చిగుళ్ళ కింద గార తీస్తుంది, నాలుగుసార్లు రావాలి, మత్తు ఇస్తుంది, మత్తు దిగాక సలుపుతుంది. మూడు నాలుగు రోజులకు మించి సలిపితే, వాచితే, జ్వరం వస్తే ఏ వేళైనా రావాలి. కట్టిన తీగ వెనక గార త్వరగా పేరుకుంటుంది, కాబట్టి బ్రష్షు అలా పట్టుకోవాలి, ఇలా కాదు. నేను ఆపి అడిగినచోటల్లా ఆగింది. ఒకచోట రెండుసార్లు చెప్పించుకున్నాను. గోడ గడియారంలో అరగంట అయింది. బయట బెంచీ మీద మనుషులున్నారు. ఆమె ఒక్కసారి కూడా అటు చూడలేదు.

"ఇంత సేసినా ఈ మూడు పళ్ళూ ఉంటాయా?"

ఆమె తెర మీది బొమ్మ వైపు చూసింది. తర్వాత నా వైపు.

"తెలీదండి. మధ్యలోది ఉండకపోవచ్చు. ఆరు నెలలు పోతే గాని చెప్పలేను."

ఆమె మీద నాకు కోపం పోలేదు. పోతుందని కూడా అనుకోను. లాగ్ తెరిచి ఆమె ముందు పెట్టాను.

"ఆ మాట మీ సేత్తో ఇందులో రాయండి."

రాసింది. నేను అక్షరం అక్షరం చదివాను. ఇదీ ఆమె రాసింది:

"నూకరత్నం గారి పై వరస ముందు పళ్ళు మూడింటిలో మధ్యది నిలుస్తుందని హామీ ఇవ్వలేను. ఎముక సగానికి పైగా పోయింది. నా నిర్ణయం వల్ల నష్టం పెరిగింది. ఈ విషయం చికిత్సకు ముందే వారికి చెప్పాను. మేఖల."

కుర్చీ ఎక్కి కూర్చుని నోరు తెరిచాను.